ఇంట్లో గిర్ని మోత

ఇంట్లో ఏ వస్తువు ఏ చప్పుడు చేస్తుందో ఇల్లాలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఔనంటారా, కాదంటారా? కుక్కర్ మూడో కూత వేసిందో, నాలుగో కూత వేసిందో పక్కగదిలో బట్టలు మడత పెడుతూనే చెప్పేస్తాం. మిక్సీలో పప్పు మెదిగిందో లేదో మూత తీయకుండానే తెలుస్తుంది. ఫ్రిజ్ మామూలుగా పనిచేస్తోందా, మూలుగుతోందా అన్నది కూడా ముందు మన చెవినే పడుతుంది. మగవాళ్లనడగండి, "ఏం సప్పుడు? నాకేం వినపడలేదే!" అంటారు.

ఇంత చక్కని చెవులున్న మనం కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అమ్మో, అది పిల్లల వ్యవహారం, మనకేం తెలుసు" అని తప్పుకుంటాం. అలా తప్పుకోనక్కర్లేదని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్మీడియట్. అది కూడా పెళ్లి కుదరడంతో అక్కడితో ఆగింది. కంప్యూటర్ చదువులేమీ చదవలేదు. అయినా మా ఇంటి కంప్యూటర్ డబ్బా విప్పి, లోపల మోత పెడుతున్న కూలర్ తీసేసి, కొత్తది నా చేతుల్తోనే బిగించాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు సుమండీ. ఆ చిన్న ఫ్యాను మూలంగా మా ఇంట్లో ఎంత పెద్ద గొడవ రాబోయిందో వింటే, మీరూ స్క్రూడ్రైవర్ ఎక్కడుందా అని వెతుక్కుంటారు.

మాది పురానాపూల్. పేరు విన్నారుగా, పాత వంతెన. ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించాడు. అంటే చార్మినార్ కన్నా 13 ఏళ్లు పెద్దది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరదను కూడా తట్టుకుని నిలబడింది. ఆ వంతెనకు దగ్గర్లోనే ఒక గల్లీలో మా రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మా అత్తమ్మ మంచం, ఆ మంచానికి నాలుగడుగుల దూరంలో కంప్యూటర్ బల్ల. వెనక గది వంటకూ, మిగతా వాటన్నిటికీ. మా వారు బేగం బజార్లో గిన్నెల దుకాణంలో గుమాస్తా.

2021లో కాలేజీలు మూసి, పాఠాలన్నీ ఇంట్లోంచే అయినప్పుడు అమ్మాయి కోసం ఆ కంప్యూటర్ కొన్నాం. ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసినది. విడి భాగాలు కొనుక్కుని కూర్చినది కాదు, కంపెనీయే అన్నీ బిగించి అమ్మిన డబ్బా. అమ్మాయి దాని మీదే బీకాం పూర్తి చేసింది. ఇప్పుడు దాని మీదే ఉద్యోగం చేస్తోంది. పై దేశం కంపెనీల లెక్కలు చూసే పని. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి కదా, సాయంత్రం 6:30కి కూర్చుంటే తెల్లవారుజామున 3:30కి లేస్తుంది. నెలకు 22 వేలు. ఇంటద్దె, అత్తమ్మ మందులు, చిన్నవాడి ఫీజు అందులోంచే వెళ్తాయి.

కిందటేడు చలికాలం నుంచి ఆ డబ్బా చప్పుడు చేయడం మొదలుపెట్టింది. మొదట్లో సన్నగా "జుయ్" మనేది. తర్వాత తర్వాత "గర్ర్... గర్ర్..." మని రాళ్లు నమిలినట్టు! అంతకు కొన్ని నెలల ముందే అత్తమ్మకు గుండెలో స్టెంట్ వేశారు. నిద్ర బాగా పోవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాపం పెద్దావిడ ఎలా పోతుంది చెప్పండి?

"ఏంది బిడ్డా ఈ లొల్లి! రాత్రంతా నా గుండెల మీద గిర్ని నడుస్తున్నట్టున్నది. జర బంద్ చెయ్యరాదూ" అని ఆవిడ.

"బంద్ చేస్తే జీతం కూడా బంద్ అయితది నాయనమ్మా" అని ఇది.

గిర్ని అంటే తెలుసుగా, మా వైపు పిండిమరను అలాగే అంటాం.

అక్కడితో ఆగితే బాగుండేది. అమ్మాయి ఫోన్లో మాట్లాడుతుంటే ఆ మోత అవతలివాళ్లకూ వినపడుతోందని దాని పైఆఫీసరు రెండుసార్లు హెచ్చరించాడు. దాంతో పిల్లకు దిగులు పట్టుకుంది. ఒక రాత్రి వెనకగదిలో నా పక్కన కూర్చుని, "అమ్మా, నేను అమీర్‌పేటలో హాస్టల్ చూసుకుంటా. ఇక్కడుంటే నాయనమ్మ నిద్రా పోతది, నా ఉద్యోగమూ పోతది" అంది. మా వారేమో, "ఎందుకీ రాత్రి ఉద్యోగం? మంచి సంబంధం చూసి చేసేస్తే అందరికీ నిమ్మళం" అన్నారు. ఆయనకు కూతురంటే ప్రాణమే. కానీ ఆ మాట వినగానే నా ఒళ్లు ఝల్లుమంది. నా ఇంటర్ చదువు ఆగినప్పుడు మా నాన్న కూడా సరిగ్గా ఇదే మాటన్నాడు, ఇంతే ప్రేమగా!

చూశారా, మోత చేసేది ఒక ఫ్యాను. దానికి ముసలావిడ నిద్ర, పిల్ల ఉద్యోగం, ఇల్లు విడిచి వెళ్లడం, పెళ్లి అన్నీ ముడిపడ్డాయి. తల పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, ముందు ఆ మోత సంగతేమిటో చూద్దామనుకున్నాను.

అమ్మాయి ఒక రిపేరు మనిషిని పిలిపించింది. అతను డబ్బా విప్పకుండానే, "మదర్‌బోర్డు పోయే స్టేజిలో ఉంది. నాలుగున్నర వేలవుతుంది. లేకుంటే వేరే కంప్యూటర్ తీసుకోండి" అనేశాడు. విప్పకుండానే ఎలా తెలిసిందో! మిక్సీ మోత చేస్తే మోటారు మార్చమనే వాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. తీరా చూస్తే నలభై రూపాయల బుష్ అరిగి ఉంటుంది. అతనికి చాయ్ ఇచ్చి పంపించేసి, ఆ రోజు నుంచి పగటిపూట తీరికైనప్పుడల్లా అమ్మాయి చేత ఫోన్లో వీడియోలు పెట్టించుకుని చూశాను. అర్థంకానివి దాన్నే అడిగాను. నాకు అర్థమైనంత వరకు మీకూ చెబుతాను, వినండి.

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే ముఖ్యమైన ముక్కను ప్రాసెసర్ అంటారు. పైకి కనిపించేది అగ్గిపెట్టె కన్నా చిన్న లోహపు బిళ్ల. 1978లో వచ్చిన 8086 అనే ప్రాసెసర్‌కి ఫ్యాను అవసరమే ఉండేది కాదట. పని పెరిగేకొద్దీ వేడీ పెరిగింది. 1993లో పెంటియం వచ్చే నాటికి ఫ్యాను లేకుండా గడవని పరిస్థితి. మా దానిలో ఉన్నది 65 వాట్ల రకం. వెనకటి 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు ముట్టుకుంటే ఎలా ఉండేదో గుర్తుందా? అంత వేడి ఆ చిన్న బిళ్లలోంచి పుడుతుందన్నమాట.

ఆ వేడిని లాగేసేదే కూలర్. అదెలా పనిచేస్తుందో మన పాతబస్తీ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరానీ హోటల్లో వేడి వేడి చాయ్‌ని పెద్దవాళ్లు ఏం చేస్తారు? సాసర్‌లో పోసి, ఊదుకుంటూ తాగుతారు. సాసర్‌లో పోస్తే చాయ్ వెడల్పుగా పరుచుకుని గాలి ఎక్కువ తగులుతుంది. ఊదితే ఆ వేడి గాలి పక్కకు పోతుంది. కూలర్‌లోనూ అంతే. అల్యూమినియం రేకులు సాసర్ పని చేస్తాయి, పైనున్న ఫ్యాను ఊదే పని చేస్తుంది.

ఇక మోత ఎందుకొస్తుందంటే, కారణాలు రెండు మూడు ఉంటాయి. మొదటిది దుమ్ము. రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి దూరదు. వేడి పెరుగుతుంది. వేడి పెరిగిందని తెలిసి బోర్డు ఫ్యానును మరింత జోరుగా తిప్పుతుంది. రెండోది, బిళ్లకూ కూలర్‌కూ నడుమ పూసిన లేపనం, దాన్నే థర్మల్ పేస్ట్ అంటారు, ఏళ్ల తరబడి వేడికి ఎండి పెళుసెక్కడం. అప్పుడు కూడా వేడి పైకి ఎక్కదు. మూడోది ఫ్యాను ఇరుసు అరిగిపోవడం. లోపలి నూనె ఎండిపోతే ఇరుసు ఊగుతుంది, గరగరమంటుంది. దుమ్ము మోతకూ ఇరుసు మోతకూ తేడా ఉంది. పని ఎక్కువైనప్పుడు మాత్రమే హోరుమంటే దుమ్మో, పేస్టో అనుకోవాలి. పని ఉన్నా లేకపోయినా, మీట నొక్కిన క్షణం నుంచీ గరగరమంటుంటే ఇరుసు పోయినట్టే.

ఏ ఫ్యాను మోత చేస్తోందో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. డబ్బాలో ఒకటి కాదు, రెండు మూడు ఫ్యాన్లుంటాయి. కరెంటు ఇచ్చే పెట్టెలో ఒకటి, వెనకవైపు ఒకటి, ప్రాసెసర్ మీద ఒకటి. పాత దినపత్రికను గొట్టంలా చుట్టి, ఒక కొన చెవికి పెట్టుకుని, రెండో కొనను ఒక్కో ఫ్యాను వైపు తిప్పాను. అచ్చం డాక్టరు గుండె విన్నట్టు! ప్రాసెసర్ మీది ఫ్యాను దగ్గరికి రాగానే చెవిలో గిర్ని తిరిగింది. ఇక అనుమానం లేదు. కాకపోతే గొట్టం కొన తిరిగే రెక్కలకు తగలకుండా కొంచెం ఎడంగానే ఉంచాలి.

ముందు డబ్బు ఖర్చు లేని పని చేసి చూడాలి కదా. ప్లగ్గు పీకేసి, మీట రెండుసార్లు నొక్కి వదిలేసి, కాసేపాగి పక్క మూత తీశాను. అబ్బ, లోపల దుమ్మంటే దుమ్ము కాదు, కంబళి ముక్క! మా వంట వెనక గదిలోనే. తాలింపు పొగ, పూరీల నూనె ఆవిరి, అగరుబత్తి మసి, గల్లీ దుమ్ము అన్నీ కలిసి జిడ్డులా పట్టేశాయి. రంగులేసే కుంచె కొత్తది ఒకటి పెట్టుకుని, రేకుల మధ్య నెమ్మదిగా దులిపాను. దులిపేటప్పుడు ఫ్యాను రెక్కలను ఒక వేలితో తిరగకుండా పట్టుకోవాలి. గాలి కొట్టి గిర్రున తిప్పితే ఇరుసు దెబ్బతింటుంది. దుమ్ము పోయాక హోరు తగ్గింది. గరగర మాత్రం పోలేదు.

ఫ్యాను మధ్యనున్న చీటీ కొంచెం లేపి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తే ఆగుతుందని పక్కింటి వదిన చెప్పింది. వేశాను. నిజంగానే ఆగింది, కానీ మూడు వారాలే. అరిగిన ఇరుసుకు నూనె ఊరట ఇస్తుందే తప్ప ఆయుష్షు ఇవ్వదు. ఆ మూడు వారాలూ అత్తమ్మ హాయిగా పడుకుంది. మోత పోతే ఇల్లు ఎలా ఉంటుందో అందరం రుచి చూశాం. అందుకే మళ్లీ మొదలైనప్పుడు ఎవరమూ భరించలేకపోయాం. అప్పుడే నిశ్చయించుకున్నాను, కూలర్ మార్చేద్దామని.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. కంపెనీ బిగించి అమ్మిన డబ్బాలతో ఒక చిక్కుంది. విడిగా దొరికే కూలర్లన్నీ వాటికి సరిపోవు. బిగింపు వేరుగా ఉంటుంది, ఫ్యాను తీగ చివర పిన్నులు వేరుగా ఉండవచ్చు, డబ్బాలో చోటు తక్కువ ఉండవచ్చు. మనం చుడీ బజార్లో గాజులు కొనేటప్పుడు ఏం చేస్తాం? పాత గాజు ఒకటి పట్టుకెళ్లి సైజు చూపిస్తాం. ఇదీ అంతే. పాత కూలర్‌ను విప్పి దుకాణానికి పట్టుకెళ్లాలనుకున్నాను.

ఒక శనివారం తెల్లవారుజామున అమ్మాయి డ్యూటీ దిగి పడుకుంది. మళ్లీ సోమవారం సాయంత్రం దాకా కంప్యూటర్‌తో పని లేదు. పది గంటలకు లేపి ఇద్దరం కూర్చున్నాం. ప్లగ్గు పీకాం. ఒంట్లో ఉండే కరెంటు, అదే దువ్వెన రుద్దితే వెంట్రుకలు లేచే రకం, బోర్డును పాడు చేయకుండా ముందుగా డబ్బా ఇనుప అంచును ముట్టుకున్నాను. విప్పేముందు ఫోన్లో నాలుగు ఫొటోలు తీయించాను, ఏ తీగ ఎక్కడుందో తర్వాత తడుముకోకుండా. మా దానికి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. ఒకదాన్ని పూర్తిగా విప్పేయకుండా, ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా వదులు చేశాను. కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకూడదు. ఎండిన పేస్టు జిగురులా పట్టుకుని ఉంటుంది. కుడికీ ఎడమకూ మెల్లగా మెలితిప్పితే ఊడి వస్తుంది.

తర్వాత మూడు కొలతలు రాసుకున్నాను. మొదటిది, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకు. మాది 75 మిల్లీమీటర్లు. ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1150, 1151, 1200 అనే సాకెట్లన్నిటికీ ఇదే దూరం. కొత్తగా వచ్చిన 1700 రకానికి 78. ఏఎండీ వాటి లెక్కే వేరు. మూడు మిల్లీమీటర్లే కదా అనుకోకండి, రవిక కుట్టేటప్పుడు చంక దగ్గర మూడు మిల్లీమీటర్లు తప్పితే ఏమవుతుందో మనకు తెలుసు. రెండోది ఎత్తు. ప్రాసెసర్ మీద నుంచి మూత దాకా 11 సెంటీమీటర్ల పైచిలుకు ఉంది. మూడోది ఫ్యాను తీగ చివరి పిన్నులు. మాది అందరికీ దొరికే నాలుగు పిన్నుల రకమే, అదృష్టం. రెండు తీగలు కరెంటుకు, ఒకటి ఎంత జోరుగా తిరుగుతున్నానో బోర్డుకు చెప్పడానికి, నాలుగోది ఎంత తిరగాలో బోర్డు చెబితే వినడానికి. కొన్ని కంపెనీలవాటికి ఐదు పిన్నులుంటాయి. అలాంటప్పుడు అదే మోడల్ కూలర్ వెతుక్కోవడం మేలు. లేకపోతే మీట నొక్కినప్పుడల్లా ఫ్యాను లేదని తెర మీద ఫిర్యాదు చేస్తుంది.

పాత కూలర్‌ను పేపర్లో చుట్టి సంచీలో వేసుకుని అఫ్జల్‌గంజ్‌లో సికింద్రాబాద్ బస్సెక్కాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో డబ్బుల్లేవు కదా, ఆధార్ చూపించి కూర్చున్నాను. జుమ్మేరాత్ బజార్ మా ఇంటికి దగ్గరే, అక్కడ పాత సామాను చవగ్గా దొరుకుతుంది. కానీ పాత ఫ్యాను తీసేసి ఇంకో పాత ఫ్యాను ఎందుకని పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. సీటీసీ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. మెట్లెక్కితే అన్నీ కుర్రవాళ్ల మొహాలే. నాలాంటి చీర కట్టుకున్న మనిషి కూలర్ అడిగేసరికి దుకాణం అబ్బాయి, "ఆంటీ, ఎయిర్ కూలరా?" అన్నాడు! సంచీలోంచి పాతది తీసి కౌంటర్ మీద పెట్టాను. "75 మిల్లీమీటర్ల బిగింపు, నాలుగు పిన్నులు, ఎత్తు 11 సెంటీమీటర్ల లోపు, 65 వాట్లకు పైబడి లాగాలి, మోత వద్దు" అన్నాను. ఆ అబ్బాయి కుర్చీ వేశాడు.

ముందు రంగురంగుల దీపాలున్న పెద్దది చూపించాడు. ఎత్తు అడిగితే 15 సెంటీమీటర్లన్నాడు. మూత పడదు, వద్దన్నాను. చివరికి ఎత్తు 8 సెంటీమీటర్ల లోపున్నది, 92 మిల్లీమీటర్ల ఫ్యానున్నది కుదిరింది. పాత ఫ్యాను కన్నా వెడల్పు. వెడల్పు ఫ్యాను నెమ్మదిగా తిరిగినా అంతే గాలి ఇస్తుంది, నెమ్మదిగా తిరిగితే మోత తగ్గుతుంది. చిన్న టేబుల్ ఫ్యాను హోరుకూ, సీలింగ్ ఫ్యాను నెమ్మదికీ తేడా మనకు తెలియనిదా? కూలర్ 650, పేస్టు 120, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా 110. మొత్తం 880 రూపాయలు.

ఇంటికొచ్చాక పాత పేస్టును ఆ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని గుడ్డతో తుడిచాను. బిళ్ల అద్దంలా మెరిసింది. నడిమధ్యన కొత్త పేస్టు పెట్టాను, రెండు బియ్యపు గింజలంత. ఎక్కువైతే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది, కాదు. అడుగు వంకరపోయిన పెనాన్ని హాట్‌ప్లేట్ మీద పెడితే మధ్యలో గాలి ఉండిపోయి దోసె సరిగ్గా కాలదు చూడండి, అలా రెండు లోహాల మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి ఉండిపోతుంది. ఆ సందులు పూడ్చడానికే పేస్టు. ఇంగువలా మోతాదులోనే ఉండాలి. కూలర్‌ను నిలువుగా దించి, ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాను. ఒకవైపే ముందు బిగిస్తే వాలిపోతుంది. ఫ్యాను తీగను పాత చోటే గుచ్చి, మిగతా తీగలేవీ రెక్కలకు తగలకుండా పక్కకు కట్టాను.

మీట నొక్కినప్పుడు అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. తెర వెలిగింది. ఫ్యాను తిరుగుతోందో లేదో అని ఇద్దరం వంగి చూశాం, తిరుగుతోంది! చప్పుడు లేక తిరగడం లేదనుకున్నాం.

అమ్మాయి వేడి చూపించే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి పెట్టింది. ఇంతకు ముందు గట్టిగా పనిచేసేటప్పుడు 95 డిగ్రీల దాకా వెళ్లేది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వస్తే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటాయి. కంప్యూటర్ ముసలిదైంది, నెమ్మదించిందని మనం అనుకునేది చాలాసార్లు ఇదే. ఇప్పుడు అదే పనికి 68 దాటడం లేదు. ఫోన్లో చప్పుడు కొలిచే దానితో అత్తమ్మ తలగడ దగ్గర చూస్తే, ముందు 52 డెసిబెళ్లు ఉన్నది 36 అయింది. ఫోను కొలత ఉజ్జాయింపుదే అనుకోండి. కానీ పది డెసిబెళ్లు తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుందట. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్లు దాటకూడదు. వీధి కోసం పెట్టిన ఆ హద్దును మా ఇంట్లో మంచం పక్కనే దాటిపోయింది మరి!

సోమవారం రాత్రి అమ్మాయి పనిలో కూర్చుంది. అత్తమ్మ పదింటికి పడుకుంది. నేనే పడుకోలేక రెండుసార్లు లేచి చూశాను. తెల్లారి పెద్దావిడ లేచి చాయ్ తాగుతూ ఏమందో తెలుసా? "సప్పుడు లేకపోతే పిల్ల పని చేస్తున్నదో, కునుకు తీస్తున్నదో ఎట్ల తెలుస్తది?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హాస్టల్ మాట మాత్రం అమ్మాయి మళ్లీ ఎత్తలేదు. మా వారు పెళ్లి మాట మానలేదనుకోండి, అది వేరే సంగతి. కానీ ఇప్పుడా మాట వచ్చినప్పుడు, "దానికిష్టమైనప్పుడు చేద్దాం, ఉద్యోగం మాత్రం దాని చేతిలోనే ఉంటుంది" అని నేను గట్టిగానే అంటున్నాను. మునుపు నా గొంతు అంత గట్టిగా లేచేది కాదు.

మీలో ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. కంప్యూటర్ ఇంకా వారంటీలో ఉంటే మీరు విప్పకండి, కంపెనీ సర్వీసు వాళ్లనే పిలవండి. కరెంటు ఇచ్చే చదరపు పెట్టెను, అదే ఎస్‌ఎంపీఎస్‌ను, ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. ప్లగ్గు పీకినా దాని లోపల కరెంటు నిలవ ఉంటుంది. కూలర్ తీసిన కంప్యూటర్‌ను ఒక్క నిమిషమైనా ఆన్ చేయవద్దు. కొన్ని డబ్బాల్లో స్క్రూలకు బదులు నాలుగు ప్లాస్టిక్ గుండీలుంటాయి. వాటిని తల మీదున్న బాణం గుర్తు వైపు తిప్పితే వదులవుతాయి, లాగితే విరుగుతాయి. డబ్బాను నేల మీద కాకుండా ఒక పీట మీద పెట్టండి, సగం దుమ్ము తప్పుతుంది. మూడు నెలలకోసారి కుంచెతో దులపండి, పండక్కి బూజు దులిపినట్టే. తుడవడానికి నీళ్లు, కొబ్బరినూనె, గిన్నెల సబ్బు ఏవీ పనికిరావు.

ఇంట్లో ఏ యంత్రమైనా చెడిపోయే ముందు మూలుగుతుంది. ఆ మూలుగు ముందుగా వినేది మనమే. వినగానే ఎవరో వచ్చి ఏదో చెబుతారని ఎదురుచూడకుండా, ఒక గొట్టం చుట్టి చెవి పెట్టి చూడండి. తెలియనిది పిల్లల్ని అడగండి, వాళ్ల దగ్గర నేర్చుకుంటే మన పెద్దరికమేమీ తరిగిపోదు. మా గల్లీలో ఇప్పటికి రెండిళ్ల వాళ్లు వచ్చి, "అక్కా, మా కంప్యూటర్ కూడా ఒకసారి వినవా?" అని పిలుచుకెళ్లారు. ఒకరిదానిలో ఉత్త దుమ్మే. రెండో దానిలో తీగ ఒకటి రెక్కకు తగులుతోంది, పక్కకు కట్టేశాను. రెండిళ్లలోనూ ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. చాయ్ మాత్రం గట్టిగా తాగి వచ్చాను!